ఈ వారం సుత్తి ఎవరింట్లో?

నేను ఒక ముక్కను. నిండు వస్తువునని చెప్పుకునే యోగ్యత కూడా నాకు లేదు. రైలు పట్టాలోంచి కోసిన ముక్కను. మనిషి బారచాపితే ఎంతో అంత పొడవు, నలుగురు పట్టుకుంటే తప్ప కదలనంత బరువు. పట్టాకు తల, నడుము, పాదం అని మూడు భాగాలుంటాయి. మనిషికీ ఉంటాయి గానీ, తల మీద నుంచి గూడ్సు బండి పోయాక మనిషి మాట్లాడడానికి మిగలడు. నేను మిగిలాను. అందుకే కాస్త గర్వంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

తూర్పున ఎక్కడో ఒక ఉక్కు కార్ఖానాలో పుట్టాను. పుట్టుక గురించి గుర్తున్నది వేడి ఒక్కటే. కాజీపేట దాటాక ఒక మలుపులో నన్ను పరిచారు. ఎండకు సాగుతూ, చలికి ముడుచుకుంటూ అక్కడే పడి ఉన్నాను. నా మీద నుంచి పెళ్ళి బృందాలు వెళ్ళాయి, పరీక్షలకు పోయేవాళ్ళు వెళ్ళారు, బొగ్గు వెళ్ళింది, బియ్యం వెళ్ళింది. ఒక్కరూ కిందికి చూసి ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. చివరికి పట్టాలు చూసుకుంటూ నడిచే గ్యాంగుమనిషి ఒకడు వంగి, నాలో సన్నటి పగులుందని కనిపెట్టాడు. పగిలిన మేరకు కోసి పారేశారు. మిగిలిన మంచి ముక్కను, అంటే నన్ను, సికింద్రాబాదులో రైలు వర్క్‌షాపుకు తెచ్చి గేటు దగ్గర గంటగా వేలాడదీశారు. కొన్నేళ్ళకు కరెంటు సైరను వచ్చింది. నన్ను దించి తుక్కు కుప్పలో పడేశారు. నాలాంటి వాళ్ళ కథలు మామూలుగా అక్కడితో సరి.

నా కథ సాగిందంటే ఆరోగ్యం మేస్త్రి పుణ్యమే. పూర్తి పేరు ఆరోగ్యస్వామి. బోగీలు బాగుచేసే మనిషి. వర్క్‌షాపు గోడ వెనక లోకోబస్తీ అని ఒక పేట ఉంది. ఆ పేటవాళ్ళు డ్యూటీ దిగాక మొరం నేలలో బంతాట ఆడేవారు. ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి ఆ ఆటకొక క్లబ్బు కట్టారు, లోకోబస్తీ స్పోర్టింగ్ అని పేరు పెట్టారు. పని చొక్కాలు కుట్టగా మిగిలిన నీలం గుడ్డతోనే జెర్సీలు కుట్టించారు. అప్పటినుంచి ఆ నీలమే క్లబ్బు రంగయింది. అంతా బాగానే ఉంది గానీ, గోలు పడితే అరవడానికి గొంతులు చాలడం లేదని మేస్త్రికి దిగులు. అధికారులను బతిమాలి నన్ను అడిగి తెచ్చుకున్నాడు. గ్రౌండు పక్కన రెండు స్తంభాలు పాతి, అడ్డంగా దూలం వేసి, ఇనుపతాడుతో వేలాడగట్టాడు. నన్ను కొట్టడానికి ఒక సుత్తి కూడా తెచ్చాడు. పొడవాటి కర్రపిడి, చిన్న తల. రైలు ఆగినప్పుడు చక్రాలను తట్టి చూస్తారే, ఆ సుత్తి. చక్రం బాగుంటే ఖంగుమంటుంది, పగులుంటే మొద్దుగా పలుకుతుంది. మనిషిని అలా తట్టి చూసే సుత్తి ఇంకా ఎవరూ చెయ్యలేదు.

మొదట్లో గోలు పడితే ఎవరు ముందు పరుగెత్తుకొస్తే వాళ్ళే కొట్టేవారు. తోపులాటలూ, బూతులూ జరిగేవి. ఒక ఆదివారం ఆ పద్ధతి మారింది. పోచయ్య అని వర్క్‌షాపులో బరువులు మోసే ఖలాసీ ఆ వారమే భార్యను మట్టిచేసి వచ్చాడు. ఇంట్లో ఉండలేక గ్రౌండుకు వచ్చి, అందరికీ దూరంగా, నా నీడలో కూర్చున్నాడు. ఆట చూస్తున్నాడో లేదో తెలియదు. గోలు పడింది. జనం ఎగబడ్డారు. ఆరోగ్యం మేస్త్రి అందరికంటే ముందొచ్చి సుత్తి అందుకున్నాడు, కానీ కొట్టలేదు. తిరిగి చూసి, సుత్తి తీసుకెళ్ళి పోచయ్య చేతిలో పెట్టాడు.

"కొట్టు పోచయ్యా. గట్టిగ కొట్టు," అన్నాడు.

పోచయ్య లేచాడు. ఒక్క దెబ్బ కొట్టాడు. నా మీద ఎన్ని రైళ్ళు పోయాయో చెప్పాను కదా. ఆ దెబ్బ ముందు అవన్నీ ఎందుకూ కొరగావు. నేను మోగుతుంటే ఆ మనిషి నా నడుముకు నుదురు ఆనించి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. గ్రౌండంతా చప్పుడు చెయ్యకుండా చూసింది. అవతలి జట్టువాళ్ళు కూడా ఆట మొదలెట్టకుండా ఆగారు. ఇనుముకు రోమాలుండవు గానీ, ఉంటే నిక్కబొడుచుకునేవి.

అప్పటినుంచి అదే ఆచారం. ఆ వారం పేటలో ఎవరింట కష్టం వస్తే సుత్తి వాళ్ళింటికి పోతుంది. మన గ్రౌండులో మన జట్టు గోలు వేసిన రోజు వాళ్ళే వచ్చి నన్ను కొట్టాలి. కొట్టాక సుత్తిని ఇంకో కష్టమున్న ఇంటికి అందించాలి. గోలు పడకపోతే సుత్తి ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. బయటి ఊళ్ళలో వేసిన గోల్స్ లెక్కలోకి రావు, అవి నా చెవిన పడవు కదా. గోలు లేకుండా నన్ను కొట్టడం తప్పు. "ఈ వారం సుత్తి ఎవరింట్లో?" అని ఒకరినొకరు అడుగుతారు. ఆ మాట అడిగితే చాలు, ఎవరింటికి పోయి పలకరించాలో తెలిసిపోతుంది. ఈ ఏర్పాటును ఏ పెద్దమనిషీ రాసిపెట్టలేదు, ఏ మీటింగులోనూ తీర్మానించలేదు. ఎట్లా పుట్టించుకున్నారో ఈ మనుషులు! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆరోగ్యం మేస్త్రి పోయాడు. ఆయన కొడుకు కొట్టిన దెబ్బ కూడా నాకు గుర్తుంది. తరాలు మారాయి. వర్క్‌షాపులో ఆటగాళ్ళకు ఉద్యోగాలివ్వడం మానేశారు. కాస్త ఆట వచ్చినవాడల్లా వేరే క్లబ్బు చూసుకున్నాడు. చివరికి ఒక సీజను మొత్తం మా గ్రౌండులో మావాళ్ళు ఒక్క గోలు కూడా వెయ్యలేదు. వినడానికి నవ్వొస్తుందేమో గానీ, మాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ సీజను మొదట్లోనే బిక్షపతి పోయాడు. గ్రౌండుకు సున్నంతో గీతలు గీసేవాడు. వంకర గీత గీస్తే బంతికే సిగ్గేస్తుందని చెప్పి, తాడు కట్టి మరీ గీసేవాడు. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. సుత్తి ఆయన భార్య పుష్పలీల ఇంటికి వెళ్ళింది. ఆమె జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను పక్కన గోడకు సుత్తిని ఆనించి పెట్టుకుంది. ఆదివారం వస్తే కొంగులో చుట్టి తెచ్చేది, ఆట అయ్యేదాకా నా పక్కన కూర్చునేది, మళ్ళీ కొంగులో చుట్టుకుని పోయేది. అలా సీజనంతా. పేటలో ఇంకా కొందరి ఇళ్ళలో కష్టాలు వచ్చాయి. వాళ్ళు నోరెత్తి అడగలేదు. కానీ తన ఇంట్లో సుత్తి ఆగిపోవడం వల్ల వాళ్ళ వంతు రావడం లేదని ఆమెకు తెలుసు. వాళ్ళ ముఖం చూడలేక వీధిలోకి రావడమే తగ్గించింది. ఆమెకు కావలసింది ఒక్క గోలు. కప్పులూ వద్దు, పై డివిజనూ వద్దు. ఒక్క గోలు పడితే కొట్టి, సుత్తి చేయి మార్చాలి. అంతే.

ఆ వేసవిలో క్లబ్బు మూతపడుతుందన్నారు. ఆ మాట మీదే మరో మాట వచ్చింది, కొత్త ఓనరు వస్తున్నాడని.

వెన్నమనేని శ్రీకర్ రావు అని పేరు. కరీంనగర్ వైపు మనిషి. బోరుబావులు తవ్వే కంపెనీ అన్నదమ్ములది. ముగ్గురిలో చిన్నవాడు. చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉండేదట. క్లబ్బును కొన్నాడు. అంతే, లోకోబస్తీకి కంటి మీద కునుకు లేదు. ఆశ అంటే ఏమిటో నేను అప్పుడు చూశాను. ఒకాయన ఫ్లడ్‌లైట్లు వస్తాయన్నాడు. ఒకాయన గ్యాలరీకి రేకులు వేస్తారన్నాడు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కడితే చాలునని ఆడవాళ్ళన్నారు. బ్రెజిల్ నుంచి ఆటగాడు వస్తున్నాడని, ఇల్లు కూడా చూశారని, పైభాగం అద్దెకు మాట్లాడారని ఇరానీ హోటల్లో ఒకడు ఒట్టేసి చెప్పాడు. అభిమానుల పెద్ద గౌస్ భాయ్, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి, ఎడమకాలితో బంతిని సరిగ్గా లోపలికి కొట్టేవాడు ఒక్కడుంటే తనకింకేం అక్కర్లేదన్నాడు. రోజూ ఓడిపోయే జట్టుకోసం మనుషులు ఇన్ని కోరుకోగలరని నేననుకోలేదు. నిజం చెబుతున్నాను, వాళ్ళను చూస్తుంటే నాకు భయం, గౌరవం రెండూ కలిగాయి.

ఆ ఆశలోనే తప్పు కూడా చేశారు. అలాంటి తప్పు లోకోబస్తీవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

కొత్త ఓనరును ఘనంగా ఆహ్వానించాలి. దండలున్నాయి, ఫ్లెక్సీలున్నాయి, బ్యాండుంది. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. మనకు మాత్రమే ఉన్నదేమిటి? నేను. కాబట్టి సారు చేత నన్ను కొట్టించాలన్నారు. గోలు లేకుండా ఎట్లా అని ఒక ముసలాయన నసిగాడు. సారు రావడమే పెద్ద గోలు అని నోరు మూయించారు. ఆ పొద్దున గౌస్ భాయ్ పుష్పలీల ఇంటికి పోయి సుత్తి అడిగాడట. ఒక్క పూటకే అన్నాడట. ఆమె ఎదురు చెప్పలేదు. కొంగుతో తుడిచి ఇచ్చిందట. ఇదంతా ఆమే తర్వాత చెప్పింది.

ఓనరు మనుషులు అంతకు ముందురోజే వచ్చి నాకు సింగారం చేశారు. నన్ను తాడు మీద నుంచి దించారు. బంగారు రంగు దట్టంగా పూశారు. సిమెంటు దిమ్మ కట్టి, ఇనుప స్టాండు పాతి, నన్ను దానికి నాలుగు వైపులా బోల్టులతో బిగించారు. వేలాడే ఇనుమే మోగుతుంది, బిగించిన ఇనుము మోగదు. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు, పుట్టి పెరిగిందే వర్క్‌షాపు పక్కన కదా. చూశారు, చెవులు కొరుక్కున్నారు, ఊరుకున్నారు. మొదటిరోజే సారును నొప్పించడమెందుకని.

శ్రీకర్ రావు వచ్చాడు. నలభై దాటిన మనిషి, నవ్వు ముఖం. సుత్తి అందుకుని, కెమెరాల వైపు చూసి, నన్ను కొట్టాడు.

దబ్బుమన్నాను. పిండి మూట కింద పడితే వచ్చే చప్పుడు. నా జన్మలో అంత సిగ్గు ఎరగను.

ఎవరో చప్పట్లు మొదలెడితే అందరూ అందుకున్నారు. శ్రీకర్ రావుకు మాత్రం ఏదో తేడాగా తోచింది. ఇది ఎప్పుడూ ఇట్లాగే మోగుతుందా అని గౌస్ భాయ్‌ని అడిగాడు. గౌస్ భాయ్ ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు.

"అవును సార్. ఇట్లనే మోగుతది," అన్నాడు.

మర్యాద కోసం చెప్పిన అబద్ధం. దాని ఫలితం చూడండి. శ్రీకర్ రావు మంచివాడు. పాపం, ఇన్నేళ్ళుగా వీళ్ళు ఈ దబ్బు చప్పుడుతోనే సరిపెట్టుకున్నారా అని జాలిపడ్డాడు. గోలు పడితే ఊరంతా వినబడేట్టు పెద్ద హారను పెట్టించాడు. నన్ను పాత జ్ఞాపకంగా భద్రపరచాలని దిమ్మతో సహా పెకలించి బేగంపేటలో తన ఆఫీసుకు తీసుకెళ్ళాడు. కింది అంతస్తులో, అద్దాల గదిలో, దీపాల కింద నిలబెట్టాడు. పక్కనే గాజుపెట్టెలో సుత్తి. ముట్టరాదని బోర్డు. ఒక్క పూటకని అడిగి తెచ్చిన సుత్తి తిరిగి పుష్పలీల ఇంటికి పోనేలేదు.

నాకు ఏసీ గాలి కొత్త. ఎండకు సాగడం లేదు, చలికి ముడుచుకోవడం లేదు. రోజూ ఒకావిడ వచ్చి నా తల మీద దుమ్ము తుడిచేది. వచ్చినవాళ్ళు నా ముందు ఫోటోలు దిగేవారు. ఇదేమిటని ఒకరిద్దరు అడిగితే, రైలు పట్టా అని రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి చెప్పేది. ఇంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు. తుక్కు కుప్ప నయమనిపించింది, అక్కడ కనీసం పక్కన మనవాళ్ళుంటారు.

ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని పుష్పలీల వచ్చింది. బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, చెమటతో ఉంది. వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగితే గాజుపెట్టె చూపించింది. అతనికి అర్థం కాలేదు. ఆమె నా పక్కన, నేల మీద, గ్రౌండులో కూర్చునేట్టే కూర్చుంది. లేవమన్నారు, లేవలేదు. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. కూర్చుంది. చివరికి శ్రీకర్ రావే కిందికి దిగి వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"సారూ, ఆ సుత్తి నా వంతు. గోల్ పడకముందే తీస్కొచ్చిండ్రు," అంది.

తర్వాత అంతా చెప్పింది. పోచయ్య దగ్గర నుంచి బిక్షపతి దాకా. తన వెనక ఆగిపోయిన ఇళ్ళ గురించి చెప్పింది. అందులో గౌస్ భాయ్ ఇల్లు కూడా ఉందని, వానాకాలంలో ఆయన అన్న పోయాడని, తన తర్వాతి వంతు ఆయనదేనని, అయినా ఒక్కసారీ అడగలేదని చెప్పింది. శ్రీకర్ రావు వింటూ వింటూ మెట్టు మీద కూర్చుండిపోయాడు. కానీ ఇది మోగదు కదమ్మా అన్నాడు. బోల్టులు విప్పి తాడుకు కడితే మోగుతుందని ఆమె చెప్పింది. మరి ఆ రోజు అందరూ ఉండి ఒక్కరూ చెప్పలేదేమని అడిగాడు.

"మీరు చిన్నబుచ్చుకొని ఎల్లిపోతరేమోనని భయపడ్డం సార్. మాకోసం ఎవ్వరన్న రాక ఎన్నేండ్లయిందో మీకెర్క లేదు."

ఆయన మెట్టు మీద నుంచి లేచాడు. తర్వాత పైకి కేక వేసి మనుషులను పిలిచాడు, స్పానరు తెమ్మన్నాడు. బోరుబండి మీద పనిచేసి పైకొచ్చిన మనిషి, చొక్కా చేతులు మడిచి తానూ ఒక బోల్టు విప్పాడు. నన్ను కిందికి దించాక గాజుపెట్టె తెరిచి సుత్తి తీసి, ఆమెకిచ్చి, ఒక్కసారి తట్టి వినిపించమని అడిగాడు. పసివాడు మిఠాయి అడిగినట్టు అడిగాడు. ఆమె సుత్తిని కొంగులో చుట్టుకుంది.

"గోల్ పడ్డంక వినుండ్రి సార్," అంది.

ఓనరంటే ఏమిటో నాకు తెలియదు గానీ, అభిమాని ఎప్పుడు పుడతాడో ఆ రోజు చూశాను. ఆ మనిషి అప్పుడే పుట్టాడు.

నన్ను తిరిగి గ్రౌండుకు తెచ్చారు. అదే దూలం, కొత్త ఇనుపతాడు. బంగారు రంగు గీకి పారేశారు. హారను పీకించేశాడు. సీజను మొదలైంది. బ్రెజిల్ ఆటగాడు రాలేదు. ఎడమకాలివాడు ఒకడు వచ్చాడు, గౌస్ భాయ్ వాడిని దేవుడిని చూసినట్టు చూశాడు. మొదటి మ్యాచ్‌లో గోలు లేదు. రెండోదాంట్లో బంతి వెళ్ళి గోలు స్తంభానికి తగిలింది, పుష్పలీల అప్పటికే లేచి నిలబడి ఉంది, మళ్ళీ కూర్చుంది. శ్రీకర్ రావు తనకోసం వేసిన పెద్దకుర్చీ వదిలేసి నాకు దగ్గరగా జనంలోకి వచ్చి కూర్చోవడం మొదలెట్టాడు. గోలు ఎప్పుడు పడితే అప్పుడు దగ్గర నుంచి వినాలని.

ఆ తర్వాత మ్యాచ్‌లో పడింది. అందమైన గోలు అని చెప్పలేను. ఎడమకాలివాడు బంతిని లోపలికి కొట్టాడు. అవతలి జట్టువాడు దాన్ని దూరంగా తన్నబోయాడు. అది వెళ్ళి మావాడు ఆంటోని వీపుకు తగిలింది. అతను అటు తిరిగి చొక్కా సర్దుకుంటున్నాడు. వీపుకు తగిలిన బంతి మెల్లగా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు, గీత దాటింది. ఆంటోనికి తాను గోలు వేసిన సంగతి జనం కేకలు విన్నాకే తెలిసింది.

పుష్పలీల లేచింది. జనం దారి ఇచ్చారు. కొంగు విప్పి సుత్తి తీసింది. రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మూసుకుని కొట్టింది.

మోగాను. తల నుంచి పాదం దాకా మోగాను. సీజనంతా, ఆ అద్దాల గది అంతా, ఆ దబ్బు చప్పుడు సిగ్గంతా ఆ ఒక్క మోతలో పోయింది. లోకోబస్తీ ఇళ్ళలో గిన్నెలు కదిలాయని తర్వాత చెప్పుకున్నారు. ఆమె నా నడుముకు నుదురు ఆనించింది. ఎవరూ ఆమెకు ఆ పని నేర్పలేదు. నేను మోగుతూనే ఉన్నాను, ఆమె ఏడుస్తూనే ఉంది. భర్త పోయాక ఆమె అంత బిగ్గరగా ఏడవడం అదే మొదలని పేటవాళ్ళన్నారు. మోత ఆగాక తల ఎత్తి, ముఖం తుడుచుకుని, సుత్తిని గౌస్ భాయ్ చేతిలో పెట్టింది. ఆయన సుత్తి తీసుకుని, చిన్నపిల్లాడిలా తల వంచి, తప్పు చేశానమ్మా అన్నాడు. ఆమె ఆయన భుజం తట్టింది.

శ్రీకర్ రావు జనం మధ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బోర్లలోంచి నీళ్ళు ఎగజిమ్మడం ఎన్నోసార్లు చూసిన మనిషి. ఇలాంటిది చూడలేదని ఆయన ముఖమే చెప్పింది.

అక్కడితో అంతా సుఖంగా గడిచిందంటే ఎంత బాగుండును! రెండు సీజన్లు బాగానే సాగాయి. గ్యాలరీకి రేకులు వచ్చాయి, ఆడవాళ్ళ మరుగుదొడ్డి వచ్చింది. ఫ్లడ్‌లైట్లు రాలేదు, ఎవరూ అడగలేదు. సుత్తి ఇల్లిల్లూ తిరిగింది. ఆ తర్వాత శ్రీకర్ రావు తల్లి పోయింది. అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడు, ఈ బంతాట మాకు వద్దని అన్నలిద్దరూ తెగేసి చెప్పారట. క్లబ్బును వదిలేసుకోమన్నారు. లేకపోతే కంపెనీ నుంచి పొమ్మన్నారు.

తల్లి కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం శ్రీకర్ రావు గ్రౌండుకు వచ్చాడు. ఆట మొదలవకముందే నా దగ్గర నిలబడి, గౌస్ భాయ్‌కీ పుష్పలీలకూ సంగతి చెప్పాడు. ఇదే తనకు ఆఖరి మ్యాచ్ అన్నాడు. కొనేవాళ్ళు దొరికితే సరే, దొరక్కపోతే క్లబ్బు ఏమవుతుందో తనకే తెలియదన్నాడు. నా గుండె జారిపోయింది. నాకు గుండె ఎక్కడిదని అడగకండి, పగులు కోసేసిన చోటే ఉంటుంది.

అరుస్తారేమో, బతిమాలుతారేమోనని ఆయన ఎదురు చూసినట్టున్నాడు. వాళ్ళు ఆ రెండూ చెయ్యలేదు. ముందటి వారం గోలు పడింది కాబట్టి సుత్తి చేతులు మారడానికి సిద్ధంగా ఉంది. గౌస్ భాయ్ దాన్ని కొట్టినవాళ్ళ దగ్గర నుంచి తెచ్చి శ్రీకర్ రావు చేతిలో పెట్టాడు.

"ఈ వారం మీది సార్."

"నాదెందుకు?"

"అమ్మ పోయింది గద సార్," అన్నాడు గౌస్ భాయ్.

ఒకప్పుడు ఇదే చేతిలో ఇదే సుత్తి పెట్టారు, దండలతో, కెమెరాల మధ్య. ఆ రోజు ఆయన నవ్వాడు. ఈసారి పిడి పట్టుకుని నా పక్కన నేల మీద కూర్చుండిపోయాడు, పోచయ్య కూర్చున్న చోటే. అమ్మకు తన ఆట ఎప్పుడూ నచ్చలేదనీ, మోకాళ్ళు పగలగొట్టుకుని ఇంటికొస్తే తిడుతూ పసుపు రాసేదనీ ఎవరికో చెబుతున్నట్టు చెప్పాడు. పుష్పలీల పక్కన కూర్చుని విన్నది.

ఆట గోలు లేకుండా ముగిసింది. రెండుసార్లు పడబోయి తప్పిపోయింది. రెండుసార్లూ ఆయన లేచి నిలబడ్డాడు. రిఫరీ ఆఖరి ఈల వేశాక సుత్తిని పుష్పలీలకు ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గోల్ పడలే గద సార్. ఇంటికి తీస్కపోవాలె. ఆదివారం తేవాలె."

"నేను రానని చెప్పిన గదమ్మా."

"మీరు రాకుంటె రాకపోండ్రి. సుత్తి అయితె రావాలె," అంది. కాస్త ఆగి, "అదొక్కతే ఎట్లొస్తది సార్?" అని అడిగింది.

ఆయన కారెక్కాడు. సుత్తిని వెనక సీటులో పడేయలేదు, ఒడిలో పెట్టుకున్నాడు. అంతవరకే నాకు కనిపించింది.

ఆ వారమంతా లోకోబస్తీలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సుత్తి ఎవరింట్లో అని అడగడం మాత్రం మానలేదు. శ్రీకర్ సారు ఇంట్లో అని ఒకరికొకరు చెప్పుకున్నారు, తమ పేటలో ఒక ఇంటి సంగతి చెప్పినట్టే. క్లబ్బు ఉంటుందో ఊడుతుందో తెలియకపోయినా, ఆ ఇంట్లో మనిషి పోయిందని బాధపడ్డారు. ఇంతటి మనుషులను నేనేమనను? నాకు మాటలు తక్కువ. ఒకే ఒక్క మోత వచ్చు నాకు, అదీ వాళ్ళు కొడితేనే.

ఆదివారం కారు వచ్చింది. శ్రీకర్ రావు దిగాడు. కొత్త తువ్వాలులో చుట్టిన సుత్తి చేతిలో ఉంది. ఆయన వెనక ఇద్దరు దిగారు, అవే కనుబొమలు, అదే ముక్కు. ముగ్గురికీ గుండు. గ్రౌండులోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళలా అటూ ఇటూ చూశారు. ఎవరూ వాళ్ళను ఏమీ అడగలేదు. గౌస్ భాయ్ లేచి చోటిచ్చాడు.

పెద్దన్న నా దాకా వచ్చి, అరచేయి నా మీద ఆనించి చూశాడు. వారమంతా ఆ సుత్తి హాల్లో అమ్మ ఫోటో కింద ఉందని, వచ్చినవాళ్ళందరికీ చిన్నవాడు దాని కథ చెప్పాడని అన్నాడు. తర్వాత పుష్పలీల వైపు తిరిగాడు.

"గోల్ పడితె ఒక్కరే కొట్టాల్నా అమ్మా? ఆమె నాకూ అమ్మే," అన్నాడు.

ఇలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. పుష్పలీల తువ్వాలు విప్పి, ఆ పొడవాటి పిడి మీద మూడు చేతులు పట్టే చోటు ఉందో లేదో చూసింది. ఉంది.

రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైంది. నేను వేలాడుతూ ఉన్నాను. ముగ్గురన్నదమ్ములు నా పక్కన నిలబడి, ఒక్క సుత్తిని పట్టుకుని, బంతి వైపే చూస్తున్నారు.